పదియవ గతి

నందికేశ్వరుని అభినయదర్పణము రంగస్థలముమీది నడకలను 10 గతులుగా విభజించినది. హంస, నెమలి, లేడి, ఏనుగు, గుర్రము, సింహము, పాము, కప్ప — ఈ యెనిమిదింటి నడకలను ముందుగా పేర్కొని, తరువాత వీరుని నడకను, అన్నిటికంటె చివర మానవగతిని చేర్చినది. శ్లోకములో గణములు కుదురుటకే ఆ వరుస ఏర్పడినదని ఛాందసులు వాదింపవచ్చును. అట్లే యైనను ఆ వరుసలో ఒక అంతరార్థము దాగియున్నట్లు తోచును. రంగముమీద మనిషివలె నడువగోరువాడు అంతకుముందే పామువలె ప్రాకుటయు, కప్పవలె దుముకుటయు నేర్చియుండవలెను. మన నృత్యవ్యాకరణములో మనిషిది పదియవ స్థానము.

చేతుల సంగతియు నిట్టిదే. ఆ గ్రంథము చెప్పిన 28 అసంయుత హస్తములలో మయూరము, శుకతుండము, సర్పశీర్షము, మృగశీర్షము, సింహముఖము, భ్రమరము, హంసాస్యము, హంసపక్షము, తామ్రచూడము — ఈ తొమ్మిదియు నోరులేని జీవులనుండి వచ్చిన పేర్లు. తామ్రచూడమనగా మన పెరటిలోని కోడిపుంజే. రెండు చేతులు కలిపి పట్టు హస్తములలో చేప, తాబేలు, పంది, ఎండ్రకాయ, పెనవేసికొన్న పాములు కానవచ్చును. భరతుని నాట్యశాస్త్రములోని 108 కరణములను పరికించినచో హరిణప్లుతము, గరుడప్లుతకము, గజక్రీడితకము, వృశ్చికము వంటివి అడుగడుగునను ఎదురగును. నటరాజవిగ్రహములో పైకెత్తిన యెడమకాలును శాస్త్రము భుజంగత్రాసితమను పేరుతో గుర్తించినది. చీకటిలో కాలిక్రింద పాము మెదలగా ఉలికిపడి కాలెత్తినవాని భంగిమ అది. లోకములను నడపు తాండవమునకు పామును చూచి జడిసిన మనిషి ఉలికిపాటు ఆకృతి నొసగినదన్నమాట. ఇంతకంటె విచిత్రమైన సంబంధమును ఏ కవి ఊహింపగలడు?

ఈ గ్రంథమును ఆంగ్లభాషలో లోకమునకు పరిచయము చేసినవారిలో ఒకరు తెలుగువారు. ఆనందకుమారస్వామితో కలిసి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య దీనిని అనువదింపగా 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము ప్రచురించినది. చీరాల పేరాల ఉద్యమనాయకుడు మృగశీర్ష హస్తమునకు ఆంగ్లపదము వెదకుచు కూర్చున్నాడని తలచుకొన్నప్పుడు ఆ తరమువారి అభిరుచుల వైశాల్యము కొంత బోధపడును.

ఐతే పేరు పెట్టుట వేరు, సంబంధము కలిగియుండుట వేరు. ఈనాడు మనిషికిని ఇతర జీవులకును గల బంధమే వస్తువుగా నృత్యరూపకములు దేశదేశములలో వెలువడుచున్నవి. మన గురుకులములును ఆ త్రోవ పట్టుచున్నవి. ఇట్టి సమయములో మన పూర్వసంపదలో ఏది నిజమైన బంధమో, ఏది కేవలము అలంకారమో వేరుచేసి చూచుకొనుట అవసరము. సభలలో చేయు ప్రసంగములలో ఈ రెంటిని కలగాపులగము చేసి, మన శాస్త్రము సర్వప్రాణిసమత్వమును వేలయేండ్ల క్రిందనే బోధించినదని చప్పట్లు కొట్టించుకొనుట వాడుకయైపోయినది.

నాయిక హంసగమన. ఆమె నడుము సింహమధ్యము. కన్నులు లేడికన్నులు. ఈ పోలికలను నర్తకి చేతులతో చూపునప్పుడు హంసయు, సింహమును, లేడియు రంగముమీదికి వచ్చినట్లే వచ్చి, ఆమె నగలపెట్టెలో చేరిపోవుచున్నవి. లేడి కన్నులు అంత పెద్దవిగా నుండుట దూరమునుండి వచ్చు మృత్యువును కనిపెట్టుటకని ఆ శృంగారపదము మనకు చెప్పదు, చెప్పవలసిన పనియు లేదు. అలంకారమునకు అలంకారధర్మము కలదు. కాని దానిని చూపి జీవకారుణ్యమని పేరు పెట్టుట మాత్రము చెల్లదు.

కూచిపూడివారి మండూకశబ్దమును తీసికొందము. కప్ప సుందరాంగిగా మారి మండోదరియై రావణుని కంటబడిన కథ అది. నర్తకి మోకాళ్ళు వంచి గెంతుచు ప్రవేశించునప్పుడు ప్రేక్షకులకు కలుగు ఆనందము ఇంతింత కాదు. పిల్లలు కిలకిల నవ్వుదురు. కాని స్త్రీరూపము వచ్చిన మరుక్షణమున కప్పను అందరును మరచిపోవుదురు. కథకును అది ఒక మెట్టు మాత్రమే.

సింహనందిని సంగతి మరియొక తీరు. నేలమీద రంగుపొడి చల్లి, పైన బట్ట పరచి, సింహనందన తాళమునకు అనుగుణముగా నర్తకి పాదములతోనే సింహమును చిత్రించును. తాళము 128 అక్షరముల దీర్ఘతాళము. పాదము ఒక్కమారు తడబడినచో జూలు చెదరును, తోక వంకరపోవును. దేవాలయనృత్యముగా నుండి మరుగుపడిన ఈ ప్రక్రియను సి. ఆర్. ఆచార్యులు వంటివారు మరల వెలికి తెచ్చుట తెలుగువారి అదృష్టము. నైపుణ్యములో దీనికి సాటి తక్కువ. ఐనను బట్టను ఎత్తి చూపినప్పుడు కనబడు సింహము అమ్మవారి వాహనము. అది గర్జింపదు, ఆకలిగొనదు. ప్రేక్షకుని కన్ను ఆ పాదములనే తప్ప మృగమును చూడదు.

మృగము మృగముగానే రంగముమీద నిలిచిన ఘట్టమును చూడగోరువారు కేరళకు పోవలెను. కల్యాణసౌగంధికములో అజగరకబళితమను ఆట యొకటి కలదు. ద్రౌపది కోరిన పువ్వుకొరకు భీముడు గంధమాదనపర్వతపు అడవులలో పోవుచుండును. దారిలో ఒక దృశ్యము అతనిని నిలువరించును. కొండచిలువ యొకటి ఏనుగు కాలిని పట్టి మ్రింగుచున్నది. ఏనుగు కాలు విడిపించుకొనజాలక ఘీంకరించుచున్నది. ఆ ఘీంకారమును విన్న సింహము వచ్చి ఏనుగు కుంభస్థలముమీదికి లంఘించి చీల్చుచున్నది. దీనినంతటిని నటుడొక్కడే చూపును. మాట లేదు, పాట లేదు, వెనుక మద్దెల చెండల మ్రోత మాత్రమే. ఒక క్షణమున అతడు ఏనుగు. తొండము ఆకాశమునకు లేచినది, కనుకొలకులలో నీరు నిలిచినది. మరుక్షణమున అతడే కొండచిలువ. దవడలు సాగుచున్నవి, కన్ను రెప్పవేయుట లేదు. మరల అతడే సింహము. నడుమ నడుమ అతడే భీముడు, చెట్టుమాటున నిలిచి చూచుచున్నాడు. ఈ విధముగా ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి మారుటను కూడియాట్టము ఆడు చాక్యార్లు పకర్న్నాట్టమని పిలుతురు.

ఇక్కడ రెండు విషయములు గమనింపదగినవి. ఏనుగును చూపునప్పుడు నటునకు ఏనుగుపై జాలి, కొండచిలువను చూపునప్పుడు దానిపై ద్వేషము ఉండరాదు. ఉన్నచో ఆట చెడును. కొండచిలువ ఆకలి ఏనుగు బాధయంత నిజముగా కనబడవలెను. రెండవది భీముని నడత. హిడింబుని, బకుని చంపిన భుజములు అవి. అయినను అతడు గద ఎత్తడు. ఇది తాను తీర్పు చెప్పవలసిన తగవు కాదని యెరిగినవానివలె చూచి, తన దారిని తాను పోవును. మహాబలశాలి యొకడు అడవిలో కేవలము సాక్షిగా నిలుచుట మన రంగస్థలముమీద అరుదైన విషయము. ప్రాణులకును మనిషికిని గల బంధమును గూర్చి ఈ మౌనఘట్టము చెప్పినంత ఏ గీతమును చెప్పజాలదు.

నలచరిత్రలోని హంస ఇందుకు భిన్నమైనది. అది మాటలాడును, వాదించును, నిలదీయును. ఉద్యానములో బంగారుహంసను నలుడు చేతబట్టగా అది అతనిని నిందించును. ఎవరికిని హాని చేయని పక్షిని పట్టుట రాజునకు తగునా యని అడుగును. ముసలితల్లిని, అప్పుడే పిల్లలను కన్న భార్యను తలచి విలపించును. నలుడు దానిని విడిచిపెట్టును. శ్రీనాథుని శృంగారనైషధము చదివిన తెలుగువారికి ఈ ఘట్టము కంఠస్థమే. కేరళమున ఉణ్ణాయివారియరు వ్రాసిన నలచరితము కథకళిలో హంసపాత్రకు ప్రత్యేకముగా ముక్కు, రెక్కలు గల ఆహార్యము కలదు. దమయంతీనలుల ప్రణయమునకు ముందు ఒక పక్షి మనిషిని తప్పుపట్టుటయు, మనిషి ఆ తప్పు నొప్పుకొనుటయు జరిగినవి. పక్షి చేసిన దౌత్యము ఆ విడుదలకు ప్రత్యుపకారము. మన నర్తకులు దౌత్యమును వివరముగా ఆడి, నిందను మాత్రము రెండు ముద్రలలో ముగింతురు. ఇది తారుమారు కావలసియున్నది.

ఇట్టి కత్తిరింపునకు గురియైన మరియొక కథ కాళియమర్దనము. బాలకృష్ణుడు పడగలమీద అడుగులు వేయును, జతులు మ్రోగును, పాము తల వంచును, హారతితో తెర పడును. భాగవత దశమస్కంధములో కథ ఇంతటితో ఆగలేదు. కాళియుడు యమున మడుగునకు వచ్చుట తన యిష్టమున గాదు. గరుడునికి వెరచి వచ్చినాడు. ఆ మడుగులోనికి గరుడుడు రాకుండుటకు సౌభరిముని శాపము కారణము. ఆ శాపమునకు కారణము చేపలు. గరుడుడు వాని పెద్దచేపను పట్టి తినగా తక్కిన చేపలు దుఃఖించుట చూచి ముని మనసు కరగి అట్లు శపించినాడు. చేపల దుఃఖము ముని దయను పుట్టించినది. ముని దయ పామునకు ఆశ్రయమిచ్చినది. పాము విషము నీటిని చెరచి గోవులను, గోపబాలకులను కూల్చినది. ఒక ప్రాణికి చేసిన మేలు ఏయే వంకరదారుల ఎవరికి కీడుగా పరిణమించునో ఈ కథ చెప్పినంత సూక్ష్మముగా ఆధునిక ప్రకృతిశాస్త్రగ్రంథములును చెప్పుట అరుదు. తుదకు కృష్ణుడు పామును చంపలేదు. నాగపత్నుల మొర విని, పడగలమీది తన అడుగుజాడలే గరుడునినుండి కాపాడునని అభయమిచ్చి, సముద్రములోని రమణకద్వీపమునకు పంపివేసినాడు. విజయనృత్యమునకు ముందున్న చేపలను, వెనుకనున్న ఒడంబడికను విడిచిపెట్టి నడిమిముక్కను మాత్రమే ఆడుట వలన మిగిలినది ఒక బాలవీరుని బొమ్మ.

శాస్త్రకారులకు ప్రాణులతో ప్రత్యక్షపరిచయము ఉండెడిదా యను ప్రశ్నకు తెలుగుదేశము ఒక చక్కని సమాధానము నిచ్చినది. 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించిన జాయపసేనాని కాకతీయ గణపతిదేవచక్రవర్తి కొలువులో గజసాహిణి, అనగా ఏనుగుల దళమునకు అధిపతి. ఎనిమిది అధ్యాయములలో మార్గనృత్తమును దేశినృత్తమును వివరించిన ఆ పండితుడు పగలెల్ల ఏనుగుల నడుమ గడిపినవాడు. మదమెక్కిన ఏనుగు అడుగు వేయుటకు ముందు బరువును ఏ కాలిమీదికి మార్చునో అతడు పుస్తకములలో చదివి తెలిసికొననక్కరలేదు. అతని గ్రంథమునకు ముందు, 1213లో వెలసిన రామప్పగుడి చుట్టును అధిష్ఠానముపై బారులుతీరి నడచు ఏనుగులు చెక్కబడియున్నవి. పైన చూరులక్రింద నాట్యమాడు మదనికలు, అందొకతె ఒంటికి పాములు చుట్టుకొన్న నాగిని. క్రింద ఏనుగుల నడకయు, పైన స్త్రీల నాట్యమును ఒకే గుడిలో అమరుటను చూచినవారికి ఆ కాలపు నృత్తశాస్త్రము ఏనుగుసాలనుండి దూరముగా పుట్టలేదని తెలియును.

పల్లెలలోను, అడవులలోను ఈ దగ్గరితనము నేటికిని పూర్తిగా నశింపలేదు. దసరాకు, పీరులపండుగకు పులివేషము కట్టువాడు ఒడలెల్ల పసుపురంగు పూసి, నల్లచారలు దిద్ది, నడుమునకు తోక బిగించి, డప్పుమీద పులిదరువు మ్రోగగానే వీధిలోనికి దుముకును. మేకపోతును పండ్లతో పట్టి తలమీదుగా వెనుకకు విసరిన వేషగాండ్ర పేర్లు ఊళ్ళలో తరతరములు చెప్పుకొందురు. తల్లులు చంటిపిల్లలను చంకన బెట్టుకొని భయపడుచునే దగ్గరకు వత్తురు. ఆ భయమును ఆ ముచ్చటను విడదీయరాదు. పులి తిరుగు అడవి అంచున బ్రతికినవారు పులిని పూజింపనులేదు, తృణీకరింపనులేదు. పండుగనాడు దానిని వీధిలోనికి పిలిచి, ఆడించి, పంపివేసిరి. నగరములలో ఊరేగింపులకు అద్దెకు తెచ్చిన పులివేషములలో డప్పు ఉన్నదే కాని ఆ భయము లేదు.

ఆదిలాబాదు ప్రాంతపు రాజగోండుల గుస్సాడి ఇంకను లోతైనది. దీపావళికి జరుగు దండారి ఉత్సవములో గుస్సాడి వేషమును ధరించువారు నెమలియీకల పెద్దకిరీటమును తలకెత్తి, ఒడలికి బూడిద పూసి, భుజమున తోలు వేసికొని, చేత కర్ర పట్టి ఆడుదురు. వ్రతము ముగియువరకు స్నానము చేయరు. ఆ కిరీటము వారికి వేషసామగ్రి గాదు, పూజావస్తువు. మార్లవాయి గ్రామమునకు చెందిన గుస్సాడి కనకరాజునకు 2021లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆయన 2024లో కన్నుమూసినారు. భద్రాచలము అడవులలోని కోయలు అడవిదున్న కొమ్ములు తలకు ధరించి, పెద్ద డోళ్ళు వాయించుచు, దున్నలు పోరాడినట్లు తలలు వంచి ఢీకొని ఆడుదురు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము అడవిదున్న వేటను నిషేధించినది. కొమ్ములు ఆనాటినుండి తాతలనుండి మనుమలకు సంక్రమించు ఆస్తులైనవి. చట్టము సరియైనదే. ఐతే దున్నను వేటాడినవాడు దాని నడకను ఎరిగినట్లు, కొమ్మును వారసత్వముగా పొందిన మనుమడు ఎరుగునా? దున్నను చంపకయే దానిని ఎరుగు మార్గమొకటి ఆ మనుమనికి చూపవలసిన బాధ్యత చట్టము చేసిన సమాజముమీద నున్నది. ఆ బాధ్యతను ఇంతవరకు ఎవరును తలకెత్తికొన్నట్లు లేదు.

చూడకుండ చూపుట ఈనాటి శాస్త్రీయనృత్యమునకు పట్టిన జాడ్యము. మయూరనృత్యమును ఉదాహరణగా గ్రహింతము. మబ్బును చూచి సంతోషముతో నెమలి ఆడునని చేయు అభినయము కన్నులకు ఇంపైనదే. కాని పురివిప్పునది మగనెమలి. పురివిప్పుట ఆడనెమలి మెప్పుకొరకు. జతకట్టు ఋతువు వానలతో కలిసివచ్చుట వలన మబ్బునకు ఆ కీర్తి దక్కినది. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో మరియొక వింత బయటపడినది. పురివిప్పిన మగనెమలి తన యీకలను సెకనునకు సుమారు 25 మారులు కంపింపజేయును. ఆ కంపనములో పింఛమంతయు మిలమిలలాడుచుండగా పింఛపుకన్నులు మాత్రము దాదాపు కదలక నిలిచినట్లుండును. చుట్టును సంచలనము, నడుమ నిశ్చలత. కూచిపూడి తరంగములో పళ్ళెపుటంచున పాదములు నిలిపి, తలమీద నీటిచెంబు తొణకకుండ లయ నడుపు నర్తకికి ఈ సంగతి వివరించి చెప్పవలసిన పని లేదు. నెమలియు ఆమెయు ఒకే విద్యను అభ్యసించినారు. ఐనను మయూరనృత్యములు నేర్పుచోట్ల నెమలి నిజముగా ఏమి చేయుచున్నదో కూర్చుండి చూచిన శిష్యులు ఎందరు?

పరదేశములలో ఈ వస్తువుమీద జరుగుచున్న ప్రయత్నములను చూచుట ఉపయోగకరము. క్రిస్టల్ పైట్ అను నృత్యకర్త్రియు, సైమన్ మెక్‌బర్నీ అను నాటకకర్తయు కలిసి నెదర్లాండ్స్ డాన్స్ థియేటరునకు 2022లో కూర్చిన రూపకము భూమిమీద అంతరించినవాని పట్టికను వరుసగా రంగముమీదికి తెచ్చినది. అందు పిరనీస్ పర్వతముల అడవిమేక యొకటి. నర్తకుని చేతులనుండి పొడవైన వంపుకొమ్ములు సాగియుండును. ఆ జాతిలో చివరిదైన ఆడమేక 2000లో స్పెయిను దేశమున మరణించినది. ఒక్కొక్క జీవి పేరు వినబడును, ఒక దేహము కొంతసేపు ఆ జీవియగును, పోవును. ఉపన్యాసము కంటె ఇది వేయిరెట్లు మేలు. అయినను ఇందులో ఒక విషాదము మిగిలియున్నది. ఆ మేకను ఆడిన నర్తకుడు ఆ మేకను చూచుటకు వీలులేదు. పటములనుండి, ప్రదర్శనశాలల ఎముకలనుండి అతడు దాని నడకను ఊహింపవలసినదే.

మనదేశమున పాఠశాలల వార్షికోత్సవములలోను, ప్రభుత్వసభలలోను ప్రదర్శింపబడు వన్యప్రాణిరూపకములు ఆ స్థాయికి ఇంకను రాలేదు. అట్టలతో కోసిన చెట్లు, గొడ్డలిపట్టిన దుర్మార్గుడు, కన్నీరు కార్చు లేడి, చివర అందరును చేతులు కలిపి నిలుచుట. పిల్లల ఉత్సాహమును ఎవరు కాదందురు? కాని అందులో మృగము మనిషికి పాఠము చెప్పుటకు మాత్రమే పుట్టినట్లుండును. ప్రబంధములో లేడికన్ను నగయైనట్లు ఇక్కడ లేడి నినాదమైనది.

తెలుగుదేశములో ఇందుకు తగిన వస్తువు లేకపోలేదు. పులికాట్ సరస్సునకు శీతకాలమున వచ్చు పొడవుకాళ్ళ గులాబిరంగు పక్షులను ప్రజలు రాజహంసలందురు. అవి జతకట్టుటకు ముందు వందలకొలది ఒక్కగుంపై, తలలు ఇటునటు త్రిప్పుచు, రెక్కలు ఒక్కపెట్టున విప్పి ముడుచుచు, వరుసకట్టి అడుగులు వేయును. బృందనృత్యము అనుమాటకు ఇంతకంటె సరియైన నిర్వచనము లేదు. హంసాస్యహస్తపు సన్నని మొన ఆ పక్షి వంకరముక్కునకు సరిపడదు. ఆ ముక్కును తలక్రిందుగా నీటిలో ముంచి మేయుటను చూపుటకు మరియొక చేయి కనుగొనవలసియుండును. కూచిపూడి అగ్రహారమునకు కొల్లేరు ఎంతో దూరము లేదు. అక్కడ ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను సాకుచున్నవి. నాట్యకళాశాలల పాఠ్యప్రణాళికలో తాళములకు, శ్లోకములకు కేటాయించిన గంటలలో కొన్నిటిని అట్టి తావులకు మార్చుటకు గురువులును, విశ్వవిద్యాలయములును సమ్మతింపవలెను. అటవీశాఖ అనుమతులిచ్చుటలో ఉదారముగా నుండవలెను. ఖర్చు స్వల్పము. పొద్దుపొడుపునకు ముందు లేచుట ఒక్కటే కష్టము.

నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు పచ్చికబయలు కథను ఆడుట ఇంతకంటె కఠినమైనది. బట్టమేకపిట్ట కొరకు అక్కడ 1988లో అభయారణ్యమేర్పడినది. దాని మగపక్షి గొంతుసంచిని నేలకు తాకునంతగా గాలితో నింపి, తోకను వీపుపైకి విరిచి, పచ్చికలో ఠీవిగా నిలిచి ఆడునదే. అదే జాతి కుటుంబమునకు చెందిన నేలనెమలి గడ్డిమీదికి నిలువుగా ఎగిరి పడుచు ఆడపక్షిని పిలుచును. మన శాస్త్రమున వీనికి హస్తము లేదు, గతి లేదు. ఎవరును కంటితో చూడని రెండుతలల భేరుండపక్షికి హస్తమున్నది. కొలువుకూటములో వినబడిన పక్షికి దక్కిన గౌరవము పొలముగట్టున కనబడిన పక్షికి దక్కలేదు.

ఆ అభయారణ్యములో పక్షికొరకు కాపాడిన గడ్డిలో కృష్ణజింకలు పెరిగినవి. అవి గుంపులుగా చుట్టుపట్ల చేలమీద పడి పైరు తినగా రైతులు ఆ యేర్పాటునే ద్వేషింపసాగిరి. మృగశీర్షము పట్టి నర్తకి చూపు జింకను చూచి పట్టణప్రేక్షకుడు మురియును. రాత్రియెల్ల మంచెమీద మేలుకొన్న రైతు ఆ ముద్రను వేరొక విధముగా చదువును. పచ్చికబయళ్ళు దున్నుబడి పొలములైనవి, కాలువలు వచ్చినవి, విద్యుత్తుతీగెలు వచ్చినవి. బట్టమేకపిట్ట రోళ్ళపాడులో దాదాపు కనుమరుగైనది. దేశము మొత్తములో అవి నూటయేబదికి మించవని అంచనా.

దీనిని రూపకముగా కూర్చువానికి గొడ్డలిపట్టిన దుర్మార్గుడు దొరకడు. రైతు తప్పు లేదు, జింక తప్పు లేదు, గడ్డిని కాచిన అధికారి తప్పును లేదు. అజగరకబళితములో వలె ఒకే నటుడు రైతు, జింక, పక్షి మూడును కావలెను. మూటిని సమానమైన నిజాయితీతో పట్టవలెను. భీముడు నిలిచినచోట ప్రేక్షకుడు నిలువవలెను. చేపలనుండి విషపుమడుగు వరకు సాగిన భాగవతకథ ఎరిగిన జాతికి ఈ చిక్కు అర్థము కానిది కాదు. హస్తమును నూతనముగా కల్పించుకొనవచ్చును, గతిని అభ్యసింపవచ్చును. మగపక్షి గొంతుసంచినుండి వెలువడి పచ్చికలో అరకిలోమీటరు దూరము వినబడు ఆ గంభీరధ్వనిని మృదంగము తొప్పిమీద పలికింపవచ్చును. దానిని చెవులార విని వచ్చుటకు మాత్రము మార్దంగికుడు ఇప్పుడు రోళ్ళపాడునకు గాక, రాజస్థానములోని జైసల్మేరు బయళ్ళకు పోవలసియుండును.